కథ అందరిదే, చేతికి పనేంది?

(బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆదివారం సాయంత్రం తెలుగు గేమర్లు కలుసుకున్నప్పుడు మాట్లాడినది, రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకొచ్చేయండి, కుర్చీలు సరిపోలేదు గానీ ఇక్కడ కింద చాపలు వేసినాం. టేబుల్ మీద నాలుగు కంట్రోలర్లు కనపడుతున్నాయి కదా, నేను మాట్లాడటం అయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టుకోవద్దు, పిల్లలకే కాదు పెద్దవాళ్లకి కూడా చెప్తున్నా.

నన్ను మాట్లాడమన్న విషయం ఏందంటే, సినిమానో కార్టూనో కామిక్సో, వేరేవాళ్ల కథకి లైసెన్స్, అంటే వాడుకునే హక్కు, తీసుకుని చేసిన గేముల్లో బాగా వచ్చినవి. చెడిపోయినవి ఎందుకు చెడిపోయినాయో అందరికీ తెలుసు, టైం లేదు, డబ్బు లేదు, సినిమా రిలీజ్ డేట్ నెత్తిమీద ఉంది. బాగా వచ్చినవి ఎందుకు బాగా వచ్చినాయి అనేది మాత్రం నేను ఈ పనిలోకి వచ్చినప్పటి నుంచీ మనసులో తిరుగుతా ఉన్న ప్రశ్న, ఇన్నేళ్లకి నాకు ఒక జవాబు దొరికింది అనుకుంటున్నా, అది చెప్పాలనే వచ్చినా.

మాది అనంతపురం. నేను ఐదో క్లాసులో ఉన్నప్పుడు మా బాబాయి ఇక్కడ బెంగళూరులో పనిచేసేవాడు, సంక్రాంతికి ఊరికి వస్తా వస్తా మెజెస్టిక్‌లో ఒక వీడియో గేమ్ క్యాసెట్ కొనుక్కొచ్చినాడు, పసుపు రంగు డబ్బా, పైన అతికించిన కాగితం మీద టోపీ పెట్టుకున్న బాతు తాత. డక్ టేల్స్. అప్పుడు దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున హిందీలో ఆ కార్టూన్ వచ్చేది, మా వీధిలో ఎవరికీ హిందీ సరిగ్గా రాదు, అయినా ఆ టైములో బయట ఒక్క పిల్లోడు కనపడేవాడు కాదు. క్యాసెట్ పెట్టినాం, రాలేదు, తీసి ఊదినాం, మళ్లీ పెట్టినాం, వచ్చింది.

ఆ స్క్రూజ్ తాత చేతిలో ఎప్పుడూ ఒక కర్ర ఉంటుంది కదా. గేమ్‌లో గాల్లోకి ఎగిరి, కిందకి బటనూ బి బటనూ కలిపి పట్టుకుంటే ఆ కర్ర మీద స్ప్రింగులాగా ఎగురుతా పోతాడు. ముళ్ల మీద కాలు పెడితే దెబ్బ, కర్ర మీద దిగితే ఏమీ కాదు. శత్రువు నెత్తిన దిగితే శత్రువు పోతాడు, పెట్టె మీద దిగితే పెట్టె తెరుచుకుని వజ్రం బయటికొస్తుంది. ఒక్క కర్రతోనే నడక, యుద్ధం, తాళంచెవి అన్నీ అయిపోతాయి. అట్లా ఎగురుకుంటా ఎగురుకుంటా నేనూ మా చెల్లెలూ అమెజాన్ అడవి దాటినాం, గనులు దాటినాం, హిమాలయాలకి పోయినాం. అక్కడ మంచులో అదే అలవాటు కొద్దీ కర్ర మీద దిగినాను, తాత మంచులో కూరుకుపోయి కదలకుండా ఆగిపోయినాడు. అప్పటిదాకా నేర్చుకున్న ఒకే ఒక్క విద్య అక్కడ పనికిరాకుండా పోయింది. మా చెల్లెలు చప్పట్లు కొట్టి నవ్వింది, నాకు ఏడుపొచ్చింది. పెద్దయ్యాక డిజైన్ మీటింగుల్లో కూర్చోవడం మొదలైనాక అర్థమైంది అది ఎంత ఆలోచించి పెట్టిన మంచో. చేతికి ఒక పని అలవాటు చేసి, ఆ పనిని ఒక్కచోట వెనక్కి లాక్కోవడం, అది తెలిసినోళ్లు చేసే పని.

ఆ గేమ్ జపాన్ కంపెనీ క్యాప్‌కామ్‌ది, 1989లో వచ్చింది, మెగా మ్యాన్ అనే గేమ్ చేసిన మనుషులే అందులో కూడా పనిచేసినారు. వాళ్లు కార్టూన్‌లో ఏ ఎపిసోడ్ కథనీ తీసుకొచ్చి గేమ్‌లో పోయలేదు. ఈ తాత ఎవరు, డబ్బంటే ప్రాణం, ప్రపంచమంతా తిరుగుతాడు, చేతిలో కర్ర. అంతే తీసుకున్నారు. స్కోరు కూడా పాయింట్లలో ఉండదు, డాలర్లలో ఉంటుంది, గమనించినారా? 2013లో అదే గేమ్‌ని మళ్లీ కొత్త బొమ్మలతో చేసినప్పుడు కార్టూన్‌లో తాతకి గొంతిచ్చిన అలన్ యంగ్ గారే 90 దాటిన వయసులో మళ్లీ గొంతిచ్చినాడు, ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

సరే ఇప్పుడు నా మాట చెప్తా. మా జిల్లాలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఊరుంది, తోలుబొమ్మలకి పేరు. ఇప్పుడు అది సత్యసాయి జిల్లాలోకి పోయింది, అయినా నాకు మా జిల్లానే. హనుమంతుడు లంక కాలుస్తాడని ముసలమ్మ నుంచి పసిపిల్లోడి దాకా అందరికీ తెలుసు, కథలో తెలియనిది ఒక్కటీ లేదు. మరి తెల్లవార్లూ ఎందుకు కూర్చుంటారు? తెర వెనక ఆ మనిషి పుల్ల పట్టుకుని ఆ తోకని ఎట్లా తిప్పుతాడో చూడటానికి. రామాయణం అందరిదీ, ఆ మణికట్టు మాత్రం ఆయనది. లైసెన్స్ అంటే రామాయణం దొరకడం, అంతవరకే. గేమ్ అంటే ఆ పుల్లని తీసుకొచ్చి ఆడేవాడి చేతిలో పెట్టాల. ఆ కథలో హీరో చేతులు ఏం పని చేస్తాయి, ఆ పని నా చేతికి ఎట్లా వస్తుంది, ఈ ప్రశ్న అడిగినవాళ్లకి బాగా వచ్చింది, అడగనివాళ్లకి రాలేదు. నేను చూసినంతలో లెక్క ఇదే.

నాది ఒకటి చెప్పాల ఇక్కడ. నా మొదటి ఉద్యోగంలో ఒక సినిమా గేమ్ మీద పనిచేసినా, పేర్లు చెప్పను, ఆ సినిమా పేరూ చెప్పను. రిలీజ్‌కి 9 వారాల ముందు మా దగ్గరికి వచ్చింది. ఆఫీసులో అప్పటికే పరిగెత్తే గేమ్ ఒకటి తయారుగా ఉంది, దాంట్లో బొమ్మ మార్చితే చాలు అన్నారు. ఆ 9 వారాల్లో 3 వారాలు హీరో మీసం మీద పోయినాయి. మీసం కొన ఫోటోలో రోంత పైకి తిరిగి ఉంది, మీరు కిందకి పెట్టినారు అని మెయిల్, మార్చి పంపితే ఇంకొకరి నుంచి ఇంకో మెయిల్. ఆ సినిమాలో హీరో గొడ్డలి విసురుతాడు, అది పోయి తగిలి తిరిగొస్తే ఒంటి చేత్తో పట్టుకుంటాడు, ట్రైలర్‌లోనే ఆ షాట్‌కి జనం వెర్రెత్తిపోయినారు. మా గేమ్‌లో ఆ గొడ్డలి వీపుకి కట్టి ఉంటుంది, ఆయన దాన్ని మోసుకుని నాణేలు ఏరుకుంటా పరిగెత్తుతా ఉంటాడు. నేను ఒక శని ఆదివారాలు ఆఫీసులో కూర్చుని గొడ్డలి విసిరి పట్టుకునే బటన్ ఒకటి పెట్టినా, సోమవారం చూపించినా, చాలా బాగుంది గానీ టెస్టింగ్‌కి టైం లేదు తీసెయ్ అన్నారు. తీసేసినా. గేమ్ వారం తిరక్కుండానే జనం ఫోన్లలోంచి పోయింది, మా అమ్మ ఒక్కతే తన ఫోన్‌లో రెండేళ్లు ఉంచుకుంది. ఎవరి మీదా కోపం లేదు, కానీ ఆ బటన్ గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

తొందర గురించి అందరూ చెప్పే కథ ఈటీ సినిమా గేమ్ కథ. 1982లో అటారి అనే గేమ్ మెషీన్ కోసం హోవర్డ్ స్కాట్ వార్షా అనే ఆయన దాన్ని సుమారు 5 వారాల్లో, క్రిస్మస్ అమ్మకాలకి అందాలని, చేసినాడు. మిగిలిపోయిన క్యాసెట్లని మరుసటి ఏడు న్యూ మెక్సికోలో అలమోగోర్డో అనే ఊరి చెత్తదిబ్బలో పూడ్చినారు, 2014లో తవ్వితే నిజంగానే బయటపడినాయి. ఇంతవరకు అందరికీ తెలుసు. నాకు బాధేందంటే ఆయన్ని చేతకానివాడిగా చెప్తారు, అదే మనిషి దానికి ముందు యార్స్ రివెంజ్ చేసినాడు, అటారి మీద వచ్చిన మంచి గేముల్లో అదొకటి. చేతకాని చేతులు కావు అవి, టైం ఇవ్వని చేతులు.

ఇప్పుడు గోల్డెన్ ఐ, జేమ్స్ బాండ్ సినిమా మీద చేసిన గేమ్. నింటెండో 64 అనే గేమ్ మెషీన్ మీద 1997 ఆగస్టులో వచ్చింది, సినిమా వచ్చింది 1995 నవంబర్‌లో. అంటే సినిమా వచ్చిపోయిన రెండేళ్లకి దగ్గర దగ్గర. ఇప్పుడు మన ఆఫీసుల్లో ఎవరైనా పోయి సార్ సినిమా వెళ్లిపోయినాక రెండేళ్లకి గేమ్ ఇస్తాం అంటే ఏమవుతుందో ఊహించుకోండి. రేర్ అనే ఇంగ్లండ్ కంపెనీ చేసింది, పది మంది చుట్టుపక్కల ఉన్న చిన్న టీం, మార్టిన్ హోలిస్ అనే ఆయన నడిపించినాడు, వాళ్లలో ఎక్కువమందికి అదే మొదటి గేమ్. మొదట్లో పట్టాల మీద బండి పోయినట్టు గేమే నిన్ను తీసుకుపోతుంది, నువ్వు కాల్చడమే, అట్లాంటి గేమ్ చేద్దాం అనుకున్నారు. తర్వాత మనసు మార్చుకున్నారు.

వాళ్లు చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం, అందుకే రోంత వివరంగా చెప్తా. మామూలుగా లెవెల్ డిజైన్ అంటే ఇక్కడ మొదలు, ఇక్కడ శత్రువు, ఇక్కడ తలుపు, ఇక్కడ ముగింపు అని గీసుకుని గోడలు కడతాం. వాళ్లు సినిమా షూటింగ్ జరిగే సెట్‌కి పోయి ఫోటోలు తీసుకొచ్చి, ముందు ఆ చోటుని చోటులాగే కట్టినారు, ఆటగాడు ఎక్కడ మొదలవుతాడో ఎక్కడ బయటపడతాడో అనేది తర్వాత పెట్టినారు. దాంతో ఏమైందంటే ఆ కట్టడాల్లో దేనికీ పనికిరాని గదులుంటాయి, ఊరికే మూసుకుపోయే దారులుంటాయి, నిజం బిల్డింగులో ఉన్నట్టే. ఫెసిలిటీ అనే లెవెల్లో పైనున్న గాలి గొట్టంలోంచి పాకి బాత్రూంలోకి దిగుతావు, కింద ఒకడు నిలబడి ఉంటాడు, వాడికి నువ్వున్నట్టే తెలియదు. గూఢచారి అంటే ఆ క్షణమే కదా. తుపాకీకి సైలెన్సర్ ఉంటుంది, చప్పుడు చేస్తే అందరూ వస్తారు, గోడమీద కెమెరా ఉంటుంది, అది చూసేలోపల పగలగొట్టాల, ఒకడు అలారం వైపు పరిగెత్తుతాడు, వాడిని ఆపాల. కాలికి తగిలితే కాలు పట్టుకుంటాడు, చేతికి తగిలితే చేయి పట్టుకుంటాడు. గేమ్ ఆపాలంటే పాజ్ నొక్కితే బాండ్ మణికట్టు పైకెత్తి చేతి వాచీ చూస్తాడు, మెనూ అంతా ఆ వాచీలోనే ఉంటుంది. చూడండి, మెనూ కూడా బాండ్ చేతి పనే! ఈజీలో కొద్ది పనులు చేస్తే చాలు, కష్టం పెంచేకొద్దీ అదే చోట పనులు పెరుగుతా పోతాయి, ఆ ఆలోచన సూపర్ మారియో 64 అనే గేమ్ చూసి తెచ్చుకున్నాం అని హోలిసే చెప్పినాడు. ఇక నలుగురు కూర్చుని ఒకే టీవీలో ఆడేది, దానికోసమే ఇప్పటికీ జనం దాన్ని తలుచుకుంటారు, అది చివరి నెలల్లో చేర్చింది. 80 లక్షల కాపీలకి పైగా అమ్ముడుపోయింది.

అయితే రిలీజ్ డేట్ తప్పించుకుంటే చాలు గేమ్ బాగొస్తుందా? రాదు. స్పైడర్‌మ్యాన్ 2 గేమ్ 2004లో సినిమాతో పాటే, అదే వారంలో వచ్చింది. దాంట్లో లోపాలు లేవని కాదు, బెలూన్ పోగొట్టుకున్న పిల్లోడికి బెలూన్ పట్టుకొచ్చి ఇచ్చే పని ఎన్నిసార్లు చేయిస్తారో లెక్కే లేదు. కానీ ఆ ఊగడం! 2002లో వచ్చిన మొదటి సినిమా గేమ్‌లో దారం వేస్తే అది ఆకాశానికి అంటుకునేది, పైన ఏ బిల్డింగూ లేకపోయినా సరే. దాన్ని చేసిన ట్రేయార్క్ స్టూడియోలో జేమీ ఫ్రిస్ట్రామ్ అనే ఆయన అది ఒప్పుకోలేదు, దారం వేస్తే నిజంగా ఏదో ఒక గోడకి తగలాల అని పట్టుబట్టి తయారు చేసినాడు. అది ఉయ్యాల లెక్కే. ఊర్లో చింతచెట్టుకి తాడు కట్టి ఊగినవాళ్లకి ఎవరూ నేర్పించక్కర్లేదు, కిందకొచ్చినప్పుడు వేగం ఎక్కువ, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది, మరీ కింద వదిలితే ముందుకి పోతావు గానీ ఎత్తు రాదు, మరీ పైన వదిలితే ఎత్తుంటుంది గానీ వేగం ఉండదు, ఆ మధ్యలో ఎక్కడో వదలాల. ఆ మధ్య ఎక్కడో వేలికి తెలుస్తుంది, నోటితో చెప్పలేం. పార్కు మీదకి పోతే దారం వేయడానికి బిల్డింగులు లేవు, కాబట్టి నేల మీద నడవాల్సిందే, డక్ టేల్స్‌లో మంచు గుర్తుందా, అదే ఇది. నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు స్నేహితుడి రూంలో ఆ గేమ్ ఉండేది, మిషన్లు ఎవరం చేయలేదు, సెమిస్టర్ అంతా ఊగినాం. 2018లో ఇన్సోమ్నియాక్ వాళ్లు చేసిన స్పైడర్‌మ్యాన్ చాలా పెద్దది, చాలా అందమైనది, నాకు చాలా ఇష్టం, అయినా దాంట్లో ఊగేటప్పుడు మాకు ఆ రూమే గుర్తొస్తుంది.

అదే 2004లో ఇంకో గేమ్ వచ్చింది, ద క్రానికల్స్ ఆఫ్ రిడిక్, ఎస్కేప్ ఫ్రమ్ బుచర్ బే. స్వీడన్‌లో స్టార్‌బ్రీజ్ వాళ్లు చేసినారు. ఇది కూడా సినిమాతో పాటే వచ్చింది, కానీ సినిమా కథ తీసుకోలేదు, దానికి ముందు కథ, ఒక జైలు, దాంట్లోంచి బయటపడాల. ఆ సినిమా హీరో విన్ డీజిల్ కూడా తన సొంత గేమ్ స్టూడియో పెట్టుకుని మరీ దాంట్లో చేయి వేసినాడు. కథలో ఆ రిడిక్‌కి చీకట్లో కళ్లు కనపడతాయి, కాబట్టి నీ పని దీపాలు పగలగొట్టడం. సినిమా కంటే గేమే బాగుంది అని అప్పట్లో రివ్యూలన్నీ రాసినాయి.

ఈ స్టార్‌బ్రీజ్ మనుషులే కొందరు బయటికొచ్చి 2009లో మెషీన్‌గేమ్స్ అని పెట్టుకున్నారు, వాళ్లే 2024 డిసెంబర్‌లో ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్ ఇచ్చినారు. 20 ఏళ్ల తర్వాత అదే చేతులు, అదే బుద్ధి. ఎవరైనా ఆడినారా ఇక్కడ? [కొందరు చేతులెత్తారు] ఆ, అన్నా మీకు తెలుసు నేనేం చెప్పబోతున్నానో. కొరడా ఉంది, సరే, కొరడాతో వాడి చేతిలో తుపాకీ లాగేయొచ్చు, కాలు లాగి పడేయొచ్చు. కానీ అసలు పట్టు ఏందంటే ఆ మనిషి చేతికి ఏది దొరికితే దాంతో కొడతాడు, చీపురు, పెనం, ఈగలు కొట్టే బ్యాట్, రెండు దెబ్బలకి అది విరిగిపోతుంది, ఇంకోటి వెతుక్కోవాల. ఇండియానా జోన్స్ ప్లాన్ వేసి గెలిచే మనిషి కాదు, అప్పటికప్పుడు ఏదో ఒకటి పట్టుకుని బయటపడే మనిషి, అది నీ చేతిలోకి వచ్చేసింది. ఒక విద్య నేర్చుకుంటే దెబ్బలు తిని పడిపోయినప్పుడు నీ టోపీ రోంత దూరంలో పడి ఉంటుంది, పాక్కుంటా పోయి ఆ టోపీ అందుకుంటే మళ్లీ లేస్తావు. టోపీ కోసం పాకడం! ఆ సినిమాలు చూసినవాడు ఎవడైనా సరే, టోపీ వదిలేసి ఆయన రాడని తెలుసు. దాన్ని ప్రాణం పోసే బటన్ చేసినారు. అది చూసినరోజు నేను గేమ్ ఆపి మా టీం గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టినా.

ఏలియన్ ఐసోలేషన్ గురించి చెప్పకపోతే మా రూమ్మేట్ ఒప్పుకోడు, ముందు వరసలోనే ఉన్నాడు. 2014, క్రియేటివ్ అసెంబ్లీ అనే స్టూడియో. 1979లో వచ్చిన ఏలియన్ సినిమాలో ఉన్నది ఒకే ఒక్క జంతువు, అందరూ దాన్ని చూసి దాక్కుంటారు. అప్పటిదాకా వచ్చిన గేములు ఎక్కువగా తుపాకీ పట్టుకుని వందల్ని కాల్చేవి, అది రెండో సినిమా దారి. వీళ్లు మొదటి సినిమాకి పోయినారు, నీ పని చంపడం కాదు, దాక్కోవడం. ఆ సినిమా కంపెనీ ఫాక్స్ వాళ్లు 3 టెరాబైట్ల పాత సరుకు ఇచ్చినారు, ఫోటోలు, డ్రాయింగులు, శబ్దాలు. స్క్రీన్లు పాతగా కనపడాలని బొమ్మల్ని వీహెచ్ఎస్ టేపులోకి ఎక్కించి, పాత టీవీలో ఆడించి, మళ్లీ తీసినారు. ఇక ఆ జంతువు లోపల రెండు బుర్రలు ఉంటాయి, మన ప్రోగ్రామర్లు వినండి. ఒక బుర్రకి నువ్వు ఎక్కడున్నావో ఎప్పుడూ తెలుసు, కానీ అది జంతువుకి నేరుగా చెప్పదు, ఆ దిక్కుకి పో అని మాత్రం సైగ చేస్తుంది. రెండో బుర్ర జంతువుది, దానికి కళ్లతో చూసిందీ చెవులతో విన్నదీ తప్ప తెలియదు. అందుకే అది మోసం చేసినట్టు అనిపించదు, వెతుకుతున్నట్టు అనిపిస్తుంది. నువ్వు అల్మారాలో దూరి ఊపిరి బిగబట్టే బటన్ నొక్కి పట్టుకుంటావు, అది వచ్చి సందుల్లోంచి చూస్తుంది, నీ వేలు నొప్పి పుడుతుంది. వేలు వదిలితే పోయినావు.

దానికి ముందు ఏడాది, 2013లో, అదే లైసెన్స్ మీద కలోనియల్ మెరీన్స్ వచ్చింది. దాంట్లో జంతువులు తెలివితక్కువగా తిరుగుతాయని అందరూ తిట్టినారు. తర్వాత ఒక మాడ్ చేసే మనిషి, అంటే వచ్చిన గేమ్‌ని సొంతంగా మార్చుకునే మనిషి, సెట్టింగుల ఫైల్ తెరిచి చూస్తే టెదర్ అనే మాట స్పెల్లింగులో ఒక ఎ అక్షరం ఎక్కువుంది, ఆ ఒక్క అక్షరం తీసేస్తే జంతువులు మునుపటికంటే బాగా కదిలినాయి. 2018లో ఆ సంగతి లోకమంతా పాకింది. ఒక్క అక్షరం అన్నా! ఇక్కడ కోడ్ రివ్యూ చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో, రేపు పొద్దున ఆఫీసులో గుర్తుపెట్టుకోండి.

బ్యాట్‌మ్యాన్ ఆర్కమ్ అసైలమ్, 2009, లండన్‌లో రాక్‌స్టెడీ అనే స్టూడియో, అంతకుముందు వాళ్లు చేసింది ఒకే ఒక్క గేమ్. సినిమాకి సంబంధమే లేదు, బ్యాట్‌మ్యాన్ కార్టూన్‌కి చాలా ఏళ్లు రాసిన పాల్ డీని చేత కథ రాయించినారు, గొంతులు కూడా ఆ కార్టూన్ గొంతులే. బ్యాట్‌మ్యాన్ పని కొట్టడం కాదు, భయపెట్టడం, పైనుంచి ఒక్కొక్కడినీ తీసేస్తుంటే మిగిలినవాళ్ల గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో నీ ముసుగులోంచి కనపడుతుంది. స్టార్ వార్స్‌లో నైట్స్ ఆఫ్ ద ఓల్డ్ రిపబ్లిక్, 2003, బయోవేర్ అనే స్టూడియో. రెండో ఎపిసోడ్ సినిమా మీద చేస్తారా, లేకపోతే సినిమాలకి 4000 ఏళ్ల వెనక్కి పోతారా అని లైసెన్స్ ఇచ్చేవాళ్లు అడిగితే వెనక్కే పోతాం అన్నారు. వెనక్కి పోతే ఆటగాడు మంచివాడు అవ్వాలా చెడ్డవాడు అవ్వాలా తనే తేల్చుకోవచ్చు, ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. అంతే, ఆ రెండూ ఇంకో రోజు మాట్లాడుకుందాం, ఒక్కోదానికీ ఒక సాయంత్రం పడుతుంది.

మనవి చెప్పకుండా ఎట్లా. 2008లో గజినీ సినిమాకి హైదరాబాద్‌లో ఎఫ్ఎక్స్ ల్యాబ్స్ వాళ్లు పీసీ గేమ్ చేసినారు. 2017లో బాహుబలికి ఇక్కడే మన బెంగళూరులో మూన్‌ఫ్రాగ్ వాళ్లు మొబైల్ గేమ్ చేసినారు. అది కోట కట్టుకుని సైన్యాన్ని పెంచుకుని పక్కోడి మీదకి పోయే గేమ్, ఆ రకం గేములు అప్పటికే ఫోన్లలో ఉన్నాయి. సైన్యం కూడా ఆ కథలో ఉన్నదే, తప్పు కాదు. కానీ నా ఆశ వేరే. ఆ సినిమాలో తాటిచెట్టు వంచి దాని మీద కూర్చుని వదిలితే గోడ దాటి పోయి పడతారు, థియేటర్లో అందరం అబ్బా అన్నాం. ఆ చెట్టు వంగేటప్పుడు ఎంత లాగాల, ఎప్పుడు వదలాల, అది నా వేలి కింద ఉండాల. స్పైడర్‌మ్యాన్ ఉయ్యాలకి అది ఏమాత్రం తీసిపోదు. అది ఇంకా ఎవరూ చేయలేదు, ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరైనా చేస్తే నేను జీతం లేకుండా టెస్టింగ్ చేస్తా, ఇది ఊరికే అనే మాట కాదు.

[ప్రశ్న: అన్నా, ఇదంతా పెద్ద స్టూడియోలకి, పెద్ద బడ్జెట్లకి కదా, చిన్న టీంకి ఎట్లా అవుతుంది?]

మంచి ప్రశ్న తమ్ముడూ. పోలండ్‌లో టేయాన్ అని ఒక స్టూడియో ఉంది, 2014లో ర్యాంబో మీద గేమ్ చేసినారు, రివ్యూల్లో చితక్కొట్టినారు. ఆ దెబ్బకి మూసేసుకోలేదు. 2019లో టెర్మినేటర్ మీద ఒకటి చేసినారు, రోంత మెరుగు. 2023లో రోబోకాప్ రోగ్ సిటీ చేసినారు. ఇప్పుడు వచ్చే గేముల్లో అందరూ దూకుతారు, జారుతారు, గోడలెక్కుతారు. రోబోకాప్ దూకడు. బరువుగా నడుస్తాడు, గుండ్లు తగిలినా నడుస్తానే ఉంటాడు, ప్రతి అడుగూ దబ్ దబ్ మని వినపడుతుంది. మధ్యలో రాంగ్ పార్కింగ్ చేసిన కారుకి చలానా రాస్తాడు, స్టేషన్‌లో కూర్చుని జనం ఫిర్యాదులు రాసుకుంటాడు. చలానా రాయడానికి ఎంత బడ్జెట్ కావాల? ఆయన ముందు పోలీసు, తర్వాతే రోబో అని ఆ చలానాలో తెలుస్తుంది. సినిమాలో చేసిన పీటర్ వెల్లరే గొంతిచ్చినాడు. ర్యాంబోలో తిట్లు తిన్న స్టూడియోనే ఇది, మర్చిపోవద్దు.

[ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నా, నాకు ఒక తెలుగు సినిమా మీద చిన్న గేమ్ చేసి చూసుకోవాలనుంది, అమ్మడానికి కాదు, నేర్చుకోవడానికి. ఎక్కడ మొదలుపెట్టాలి?]

అమ్మా, నేర్చుకోవడానికే అయితే ఇంజిన్, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, తెరవొద్దు ముందు. ఒక నోట్‌బుక్ తీసుకో. సినిమా పెట్టు, హీరోగానీ హీరోయిన్‌గానీ చేత్తో ఏదైనా ముట్టుకున్న ప్రతిసారీ ఆపు, ఏం ముట్టుకుంది, దాంతో ఏం చేసింది, అది రాసుకో. డైలాగులు రాయొద్దు, ఫైట్‌లో ఎంతమంది పడినారో రాయొద్దు. సినిమా అయ్యేసరికి నాలుగైదు పేజీలు వస్తాయి, దాంట్లో ఒక పని మూడు నాలుగు సార్లు కనపడుతుంది, ప్రతిసారీ వేరే సందర్భంలో. నీ గేమ్ అదే. ఆ ఒక్క పనిని ఖాళీ గదిలో, ఒక డబ్బా బొమ్మతో, రంగులు లేకుండా చేయి. ఊరికే ఆ బటన్ నొక్కుతా కూర్చుంటే అరగంట పోయినట్టు తెలియకపోతే అప్పుడు మీసం గీయి. చేసినాక నాకు పంపు, నంబర్ ఇక్కడ వాలంటీర్ల దగ్గర ఉంది.

సరే, ఏడున్నర అయింది, హాల్ తొమ్మిదికి ఇచ్చేయాల. గోల్డెన్ ఐ 2023లో నింటెండో స్విచ్ మీదకి మళ్లీ వచ్చింది, ఇక్కడ టీవీకి తగిలించి పెట్టినా. నలుగురు రండి, ఓడినవాళ్లు లేచి కంట్రోలర్ పక్కవాళ్లకి ఇవ్వాల. ఫెసిలిటీ పెట్టినా. ఆడ్‌జాబ్ అనే పాత్రని మాత్రం ఎవరూ తీసుకోవద్దు, వాడు పొట్టోడు, గురి వాడి తల మీదుగా పోతుంది.